కరెంటు వచ్చింది, ఫోటోలు రాలేదు

(రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



2024 జూన్ 19న కువైట్ విద్యుత్ మంత్రిత్వశాఖ ఒక ప్రకటన చేసింది. ఎండ మండే వేళల్లో కొన్ని ప్రాంతాల్లో రోజుకి ఒకటి రెండు గంటలు కరెంటు తీసేస్తామని. మన ఊళ్ళల్లో అయితే ఇలాంటి ప్రకటన ఎవరూ చదవను కూడా చదవరు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళకి మాత్రం వింతగానే తోచింది. కువైట్‌లో కరెంటు కోతా అని. 2025లో అయితే వేసవి ఇంకా రాకముందే, ఏప్రిల్లోనే మళ్ళీ కోతలు మొదలయ్యాయి.

ఆ గంటో రెండు గంటలో గడిచి కరెంటు వస్తుంది. ఏసీ తిరుగుతుంది, ఫ్రిజ్ మూలుగుతుంది, ఫోన్లో వాట్సాప్ మోగుతుంది. కానీ టీవీ కింద ఒక డబ్బా ఉంటుంది చూశారూ, పిల్లల పుట్టినరోజులు, ఊళ్ళో అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియో, అందరి పాస్‌పోర్టు కాపీలు, పదో తరగతి సర్టిఫికెట్లు అన్నీ దాచుకున్న డబ్బా, అది మాత్రం కంప్యూటర్లో కనబడదు. "నెట్‌వర్క్ పాత్ దొరకలేదు" అంటుంది. అప్పుడు ఇంట్లో మొదలవుతుందండీ గందరగోళం. "అన్నా, ఫోటోలన్నీ పోయినాయి" అని ఫోన్లు.

నూటికి తొంభై పాళ్ళు ఏమీ పోయి ఉండవు. దారి తప్పి ఉంటుంది, అంతే. అయితే ఆ దారి వెతికే కంగారులో చేసే పనుల వల్ల నిజంగానే పోతాయి. కాబట్టి ఏం చెయ్యాలో చెప్పేముందు ఏం చెయ్యకూడదో చెప్తాను. డబ్బా వెనక సన్నటి చిల్లులో గుండుసూది పెట్టి నొక్కే రీసెట్టు బొత్తాము ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. కొన్ని డబ్బాల్లో అది పాస్‌వర్డు ఒక్కటే చెరుపుతుంది, కొన్నింటిలో అమరికలు మొత్తం పోతాయి, కొన్ని రకాల్లో లోపలి ఫైళ్ళకే ఎసరు వస్తుంది. మీది ఏ రకమో పుస్తకంలో చూసుకోకుండా నొక్కడం చీకట్లో కత్తి విసిరినట్టు. రెండోది, డబ్బాలోంచి డిస్కు ఊడదీసి విండోస్ కంప్యూటరుకి తగిలించడం. ఈ డబ్బాల్లో చాలావాటి డిస్కులు లినక్సు పద్ధతిలో రాసి ఉంటాయి. విండోస్‌కి ఆ లిపి రాదు. రాదని ఒప్పుకోదు కూడాను, "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. అవునన్నారో, పదేళ్ళ ఫోటోలూ గోవిందా.

అసలు ఫైలు సర్వరంటే ఏదో ఆఫీసు యంత్రం అనుకోకండి. పాత కంప్యూటర్లో ఒక ఫోల్డరుని ఇంట్లో అందరికీ తెరిచిపెడితే అది ఫైలు సర్వరే. నాస్ అని అమ్మే రెండు డిస్కుల డబ్బా కూడా అదే. రౌటరు వెనక యూఎస్‌బీ డిస్కు గుచ్చినా అదే. వీటితో మన కంప్యూటర్లు మాట్లాడుకునే భాష పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎం కంపెనీలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఆయన మొదలుపెడితే తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి పెద్దచేసింది. నాస్ డబ్బాలు లినక్సు మీద నడుస్తూ కూడా ఈ భాష మాట్లాడగలుగుతున్నాయంటే కారణం సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరు. 1991 చివర్లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పరిశోధన విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ దాన్ని రాయడం మొదలుపెట్టారు. ముందు పెట్టిన పేరు వేరే కంపెనీది కావడంతో మార్చుకోవలసి వస్తే, కంప్యూటర్లో ఉన్న నిఘంటువులో ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటల కోసం వెతికారు. వచ్చిన నాలుగైదు మాటల్లో సాంబా ఒకటి. మన సాంబారుకీ దానికీ సంబంధం లేదు లెండి.

సరే, డబ్బా కనబడటంలేదు. ముందు తేల్చుకోవలసింది ఒకటే. పాడైంది బయటి నెట్టా, ఇంట్లో నెట్టా? ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే సగం తికమక వస్తుంది. మేడమీద నీళ్ళ ట్యాంకు ఉందనుకోండి. వీధి కుళాయి రాకపోయినా ట్యాంకులో నీళ్ళు వంటింట్లోకి వస్తూనే ఉంటాయి కదా. ఇదీ అంతే. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున కేబుళ్ళు తెగాయి, రెండు రోజులకే గల్ఫ్‌లో ఫాల్కన్ అనే కేబులూ తెగింది. కువైట్ నుంచి ఇండియా దాకా ఇంటర్నెట్టు నడ్డి విరిగింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడూ గల్ఫ్‌లోనూ, మన దేశంలోనూ నెట్టు మందగించింది. ఆ రోజుల్లో కూడా టీవీ కింద డబ్బాలోని షష్టిపూర్తి వీడియో నిక్షేపంగా ఆడాలి. ఎందుకంటే అది సముద్రం దాటి రావడంలేదు, హాల్లోంచి పడగ్గదిలోకి వస్తోంది. రౌటరు ఒక్కటి వెలుగుతూ ఉంటే చాలు. దీన్నే తిరగేసి చూడండి. యూట్యూబు బ్రహ్మాండంగా వస్తోంది కాబట్టి నెట్‌వర్కు బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు. వీధి కుళాయి వస్తోందని ట్యాంకు పైపు బాగున్నట్టు కాదు.

తర్వాత చూడవలసింది కంప్యూటరూ డబ్బా ఒకే నెట్‌వర్కులో ఉన్నాయా లేదా అని. కువైట్‌లో నాకు తెలిసి ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. 2019 జూన్‌లో ఇక్కడ 5జీ మొదలయ్యాక సిమ్ము వేసుకునే రౌటర్లు ఇంటింటికీ వచ్చాయి. జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ ఎవరి ఆఫరు బాగుంటే వారి రౌటరు. పాతది పారెయ్యం కదా, అదీ పడగ్గదిలో ఉంటుంది. సిగ్నలు అందడంలేదని ఇంకో రిపీటరు. కొన్ని బిల్డింగుల్లో ఇంటివాళ్ళిచ్చే వైఫై వేరే. సాల్మియాలోనో మంగఫ్‌లోనో రెండు పడగ్గదుల ఫ్లాటు, అందులో నాలుగు వైఫై పేర్లు. కరెంటు వచ్చాక లాప్‌టాప్ వాటిలో ఏది ముందు దొరికితే దానికి అతుక్కుంటుంది. నెట్టు వస్తుంది కాబట్టి మీకు అనుమానం రాదు. డబ్బా మాత్రం పక్క రౌటరుకి వైరుతో కట్టేసి ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ప్రతి యంత్రానికీ నెట్‌వర్కులో ఒక నంబరుంటుంది, ఐపీ అడ్రసంటారు. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు. ఇళ్ళల్లో చాలావరకూ 192.168తోనో, 10తోనో మొదలవుతాయి. లాప్‌టాప్‌లో వైఫై వివరాల్లో చూస్తే 192.168.1.15 అని ఉందనుకోండి. డబ్బాది 192.168.1.20 అయితే మొదటి మూడు అంకెలూ కలిశాయి, సాధారణంగా ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నట్టు. డబ్బాది 192.168.8.20 అయితే వీధులు వేరు. ఒక రౌటరు వెనక ఇంకో రౌటరు పెట్టినప్పుడు సరిగ్గా ఇలాగే అవుతుంది. రెండోదాన్ని రౌటరుగా కాకుండా ఊరికే వైఫై అందించే పరికరంగా పనిచెయ్యమని దాని అమరికల్లో చెప్పాలి. యాక్సెస్ పాయింట్ మోడ్ అనో, బ్రిడ్జ్ మోడ్ అనో ఉంటుంది. అది కుదరకపోతే డబ్బానీ కంప్యూటర్లనీ అన్నిటినీ ఒకే రౌటరు కిందికి తెచ్చుకోండి.

ఒకవేళ 169.254తో మొదలయ్యే నంబరు కనిపించిందా, అప్పుడు సంగతి వేరు. ఆ యంత్రానికి రౌటరు నుంచి నంబరే రాలేదు, దిక్కులేక తనకు తానే ఒకటి పెట్టుకుంది. వైరు వదులయ్యిందేమో, రౌటరు ఇంకా లేవలేదేమో చూడాలి.

అంకెలు కలిసినా కనబడని సందర్భం ఒకటుంది. అతిథుల వైఫై, గెస్ట్ నెట్‌వర్కు. దానిలోకి వచ్చినవాళ్ళకి నెట్టు ఇస్తుంది గానీ ఇంట్లో మిగతా యంత్రాల్ని చూడనివ్వదు. అదే దాని పని. అబ్బాసియాలోనో ఖైతాన్‌లోనో నలుగురు కలిసి ఉండే రూముల్లో ఒకరి వైఫైని అందరూ వాడుకుంటున్నప్పుడు ఈ అడ్డుగోడ కావాలని పెట్టి ఉండవచ్చు. పెట్టడమే మంచిది కూడా. మీ ఫోల్డరు పక్క మంచం అతనికి కనబడకూడదు కదా. వీపీఎన్ సంగతి కూడా చూసుకోండి. ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఏదో అవసరానికి వీపీఎన్ పెట్టి ఆపడం మరిచిపోతాం. అది ఉన్నంతసేపూ కొన్నిసార్లు ఇంటి డబ్బాకి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది. ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్ అయితే ఆ దారి వాళ్ళే శాశ్వతంగా మూసేసి ఉండవచ్చు. దానితో కుస్తీ పట్టకండి. ఇంటి పనికి ఇంటి కంప్యూటరు వాడుకోండి.

ఇక కరెంటు పోయి వచ్చాకే ఈ గొడవ ఎందుకు వస్తుందీ అంటే, ఆ నంబర్లు శాశ్వతం కావు. హాస్టల్లో మంచాలు కేటాయించినట్టు, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు రౌటరు నంబర్లు పంచుతుంది. చాలాసార్లు పాత నంబరే మళ్ళీ ఇస్తుంది గానీ ఇచ్చి తీరాలని లేదు. నిన్నటిదాకా 20 నంబరు డబ్బాది. ఇవాళ ముందు లేచిన టీవీకి 20 దక్కింది, డబ్బాకి 23 వచ్చింది. మీ కంప్యూటర్లో జెడ్ డ్రైవు ఇంకా 20 తలుపే తడుతోంది. టీవీ పలుకుతుందా మరి?

దీనికి తాత్కాలికం, శాశ్వతం అని రెండు మందులున్నాయి. తాత్కాలికమంటే అన్నీ ఆపి, ముందు రౌటరు ఒక్కటే వెయ్యండి. రెండు మూడు నిమిషాలు ఆగి డబ్బా వెయ్యండి. అది లోపల లెక్కలు చూసుకుని లేవడానికి అయిదు నిమిషాలు పట్టినా పట్టవచ్చు, ఆదరాబాదరా పడి మళ్ళీ ఆపకండి. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు డిస్కులు తమని తాము పరీక్షించుకుంటాయి, అప్పుడు ఇంకా ఆలస్యం. ఆఖర్న కంప్యూటరు. శాశ్వతమైన మందు కావాలంటే రౌటరు పేజీలోకి వెళ్ళి, అతుక్కున్న యంత్రాల జాబితాలో డబ్బాని పట్టుకుని, ఈ నంబరు దీనికే అని రాసిపెట్టడం. అడ్రస్ రిజర్వేషన్ అంటారు. జాబితాలో మన డబ్బా ఏదో తెలియకపోతే దాని అడుగున స్టిక్కరు మీద మ్యాక్ అడ్రసని పన్నెండు అక్షరాలంకెలు ఉంటాయి, వాటితో సరిపోల్చుకోండి. పది నిమిషాల పని. రౌటరు మార్చినప్పుడు మాత్రం మళ్ళీ చెయ్యాలి.

కంప్యూటరు లేవగానే "నెట్‌వర్క్ డ్రైవులన్నీ కలపలేకపోయాను" అని ఒక ముక్క చూపిస్తుంది కదా, దాన్ని చూసి చాలామంది బెదిరిపోతారు. తరచూ అది వైఫై ఇంకా అందకముందే విండోస్ తొందరపడి ప్రయత్నించడం వల్ల వచ్చేదే. ఒక్క నిమిషం ఆగి ఆ డ్రైవు మీద రెండుసార్లు నొక్కితే మామూలుగా తెరుచుకుంటుంది.

తెరుచుకోలేదనుకోండి. పేరుతో కాకుండా నంబరుతో పిలిచి చూడండి. ఫోల్డరు కిటికీ పైన అడ్రసు గడిలో వెనక్కి వాలిన గీతలు రెండు కొట్టి, వెంటనే డబ్బా నంబరు కొట్టి ఎంటర్ నొక్కాలి. ఆపిల్ కంప్యూటరైతే ఫైండర్‌లో గో మెనూ కింద కనెక్ట్ టు సర్వర్ ఉంటుంది. అక్కడ ఎస్ఎంబీ అనే మూడక్షరాలు, కోలను, ముందుకు వాలిన గీతలు రెండు, ఆపైన నంబరు. నంబరుతో తెరుచుకుని పేరుతో తెరుచుకోలేదంటే డబ్బాకి ఏ రోగమూ లేదు. పేరుని నంబరుగా మార్చే చోట లోపం. నంబరుతోనే డ్రైవు కలుపుకుని, పైన చెప్పిన రిజర్వేషన్ చేసుకుంటే హాయి. పింగ్ చేసి చూడమని కొందరు సలహా ఇస్తారు. మంచిదే, జవాబు వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే మాత్రం దారి లేదని తేల్చెయ్యకండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి పలకకుండా ఊరుకునే అవకాశం ఉంది.

ఇక్కడ కాస్త ఆగి ఒక పాత కథ చెప్పాలి. మునుపు విండోస్‌లో నెట్‌వర్క్ అనే బొమ్మ మీద నొక్కితే ఇంట్లో కంప్యూటర్లన్నీ వరసగా కనిపించేవి. ఇప్పుడు చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. అది చూసి అంతా పాడైందనుకుంటారు. పాడవలేదు, 2017లో వచ్చిన ఒక మార్పు ఫలితం అది. ఆ ఏడాది మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడింది. ఫైళ్ళకి తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమంది. నూటయాభై దేశాల్లో లక్షల కంప్యూటర్లు చిక్కుకున్నాయి, బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలో కొన్ని కంప్యూటర్లకీ ఆ సెగ తగిలింది. అది జొరబడిన కంత ఎస్ఎంబీ భాష మొదటి రూపంలో ఉంది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చినా వేసుకోనివాళ్ళు కోకొల్లలు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 మార్పు నుంచీ ఆ మొదటి రూపాన్ని మామూలుగా అమర్చడం మానేశారు. కంప్యూటర్ల పాత జాబితా దాని మీదే ఆధారపడి ఉండేది, దానితోపాటే అదీ పోయింది.

కాబట్టి జాబితా ఖాళీగా ఉండటం జబ్బు కాదు. పైన చెప్పినట్టు నంబరుతో పిలవండి, పలుకుతుంది. ఎవరో తెలిసినవాళ్ళు "ఎస్ఎంబీ ఒకటి మళ్ళీ ఆన్ చెయ్యి, అంతా కనిపిస్తుంది" అంటారు. నిజమే, కనిపిస్తుంది. ఆ పాత తలుపూ మళ్ళీ తెరుచుకుంటుంది. నేనైతే వద్దంటాను. మీ డబ్బా బాగా పాతదై కొత్త భాష రానిదైతే, దాని కంపెనీ ఇచ్చే అప్‌డేట్ వేసి అమరికల్లో ఎస్ఎంబీ రెండు, మూడు అని ఉన్నవి ఎంచుకోండి. అవే లేకపోతే ఫోటోలు వేరేచోటికి ఎక్కించి ఆ డబ్బాకి సెలవిప్పించండి. పాత టీవీలూ, సినిమాలు ఆడించే పాత పెట్టెలూ కొన్నింటికి మొదటి రూపం తప్ప రాదు. వాటికోసం తలుపు తెరవనక్కరలేదు. డబ్బాలో డీఎల్ఎన్ఏ అనే సౌకర్యం ఉంటే దాన్ని ఆన్ చెయ్యండి, టీవీ దానితో వీడియోలు ఆడించుకుంటుంది.

సర్వరుగా వాడుతున్నది నాస్ కాకుండా విండోస్ కంప్యూటరే అయితే ఇంకొక మెలిక ఉంది. రౌటరు మార్చినా, వైఫై పేరు మార్చినా విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్కుగా లెక్కపెట్టి, బజారులో ఉన్నట్టు భావించి తలుపులు వేసుకుంటుంది. సెట్టింగుల్లో ఆ వైఫై వివరాల్లో పబ్లిక్, ప్రైవేట్ అని రెండుంటాయి. మీ ఇంటిదైతే ప్రైవేట్ పెట్టండి. సిమ్ము ఆఫరు కోసం రౌటరు మార్చిన మర్నాడే ఫోల్డరు కనబడకపోవడానికి చాలా ఇళ్ళల్లో ఇదే కారణం. కాఫీ హోటల్లోనో విమానాశ్రయంలోనో మాత్రం పబ్లిక్కే ఉండనివ్వండి.

ఇప్పటిదాకా ఇల్లు దొరకని బాధ చెప్పాను. ఇల్లు దొరికి తాళం తెరుచుకోని బాధ వేరు. తెర మీద వచ్చే మాట జాగ్రత్తగా చదవండి. "దొరకలేదు" అంటే దారి సమస్య, "అనుమతి లేదు" అన్నా, పేరూ పాస్‌వర్డూ మళ్ళీ మళ్ళీ అడిగినా తాళం సమస్య. తాళం సమస్యకి రౌటరుని ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు. ఇక్కడ అందరూ పడే గొయ్యి పిన్ నంబరు. కంప్యూటరు తెరవడానికి రోజూ నాలుగంకెల పిన్ కొడతాం, పక్క గదిలోంచి ఫోల్డరు తెరిచేటప్పుడూ అదే కొడతాం. ఆ పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్కు మీద చెల్లదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో పెట్టుకున్న కంప్యూటరైతే ఆ ఖాతా ఈమెయిలూ దాని పూర్తి పాస్‌వర్డూ కావాలి. అది ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటాం. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఆ కంప్యూటర్లోనే ఇంటివాళ్ళందరికీ కలిపి మామూలు లోకల్ ఖాతా ఒకటి తెరిచి, దానికి పాస్‌వర్డు పెట్టి, ఫోల్డరు అనుమతి దానికివ్వండి.

పాస్‌వర్డు మార్చాక విండోస్ పాతదే గుర్తుపెట్టుకుని పాతదే పంపుతూ ఉంటుంది. కంట్రోల్ పానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అని ఉంటుంది, అందులో డబ్బా పేరుతోనూ నంబరుతోనూ ఉన్న పాత పద్దులు కొట్టేసి మళ్ళీ ప్రయత్నించండి. ఒకే డబ్బాకి రెండు వేర్వేరు పేర్లతో ఒకేసారి వెళ్ళబోయినా విండోస్ ఒప్పుకోదు. పాత లంకెలు తెంచి, ఒకసారి సైన్ అవుట్ అయి వస్తే సరిపోతుంది.

పాస్‌వర్డే లేకుండా, గెస్టుగా తెరుచుకునేలా పెట్టుకున్నవాళ్ళకి 2024 అక్టోబరు తర్వాత కొత్త చిక్కు వచ్చింది. విండోస్ 11లో 24హెచ్2 అనే మార్పు వేసుకోగానే ప్రో రకంలో ఆ గెస్టు దారి మూతపడింది. పంపే ప్రతి ముక్క మీదా సంతకం ఉండాలనే నియమం కూడా దానితోపాటే వచ్చింది. నిన్న తెరుచుకున్నది ఇవాళ తెరుచుకోలేదంటే డబ్బాని తిట్టకండి, కంప్యూటరు రాత్రి అప్‌డేట్ అయిందేమో చూడండి. నియమాన్ని సడలించే అడ్డదారులున్నాయి గానీ, డబ్బాలో ఒక ఖాతా, ఒక పాస్‌వర్డు పెట్టుకోవడమే తిన్నని దారి. ఐఫోనువాళ్ళకి ఒక ముక్క. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఇంట్లో యంత్రాల్ని వెతకనిమ్మంటారా అని ప్రతి యాప్ అనుమతి అడుగుతుంది. వద్దని నొక్కి ఉంటే ఆ యాప్‌కి డబ్బా కనబడదు. సెట్టింగుల్లో ప్రైవసీ కింద లోకల్ నెట్‌వర్క్ దగ్గర మళ్ళీ ఇవ్వచ్చు.

తెరుచుకుంటోంది గానీ మధ్యలో తెగిపోతోందంటారా, అది ఎక్కువగా వైఫై దోషం. మధ్యలో కాంక్రీటు గోడలు రెండుంటే పెద్ద వీడియో నడవడం కష్టం. కనీసం డబ్బాని రౌటరుకి వైరుతో కట్టండి.

మన ఎడారిలో ఇంకొకటీ చూసుకోవాలి, వేడి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ పరీక్షించి మరీ ఒప్పుకున్న లెక్క అది. మామూలు హార్డ్ డిస్కులు పనిచెయ్యగల హద్దు సాధారణంగా 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. జూలైలో సెలవులకి ఊరెళుతూ ఏసీలన్నీ ఆపి, కిటికీలు మూసి, డబ్బాని మాత్రం వెలుగుతూ వదిలేస్తే ఆ మూసిన ఫ్లాటులో దాని గతేమిటో ఆలోచించండి. కొన్ని డబ్బాలు వేడెక్కితే తమంతట తామే ఆగిపోతాయి, అది మంచి గుణమే. వెళ్ళేముందు దాని పేజీలో షట్‌డౌన్ నొక్కి, పూర్తిగా ఆగాక ప్లగ్గు తియ్యండి. దుమ్ముతుఫాన్ల కాలంలో ఫ్యాను జాలీ తుడుస్తూ ఉండండి. చిన్న యూపీఎస్ ఒకటి కొని రౌటరునీ డబ్బానీ దానికి తగిలిస్తే, రెండు గంటల కోతని ఈదలేకపోయినా, యూఎస్‌బీ తీగ కూడా కలిపితే చాలా నాస్ డబ్బాలు కరెంటు పోయిందని తెలుసుకుని పద్ధతిగా పడుకుంటాయి. తటాలున ఆగిపోవడమే డిస్కులకి ఎక్కువ చేటు.

ఊళ్ళో అమ్మమ్మకి కూడా ఈ డబ్బాలోవి చూపించాలని ఉంటుంది. రాజంపేటలోనో రాయచోటిలోనో కూర్చుని కువైట్‌లో మనవరాలి డాన్సు చూడాలని. సిమ్ము రౌటరు ఉన్న ఇళ్ళకి బయటినుంచి నేరుగా రావడం సాధారణంగా కుదరదు. మొబైల్ కంపెనీలు వందల ఇళ్ళకి కలిపి ఒకే బయటి అడ్రసు వాడతాయి కాబట్టి. కుదిరేవాళ్ళు కూడా రౌటర్లో 445 నంబరు తలుపు బయటికి తెరవకండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే పాత డబ్బాలు ఇంటర్నెట్టుకి తెరిచి ఉన్నవి ప్రపంచవ్యాప్తంగా ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత వాటికి అప్‌డేట్లు లేవు. ఎవరో దూరం నుంచే రీసెట్టు నొక్కించేశారు. 2022 జనవరిలో క్యూనాప్ డబ్బాల మీద డెడ్‌బోల్ట్ అనేది పడి ఫైళ్ళకి తాళాలు వేసింది. అమ్మమ్మకి డాన్సు వీడియో ఫోన్లో పంపించండి. ఇంటి డబ్బా మొత్తం చూడాల్సిన అవసరం మీకే ఉంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టించుకోండి. సిమ్ము రౌటరు వెనక అదీ నేరుగా కుదరదు కాబట్టి తెలిసినవాళ్ళ సాయం తీసుకోండి.

ఇంకొక మాట. చాలా ఇళ్ళల్లో ఈ డబ్బా గుట్టు ఒక్కరికే తెలుసు. ఆయన అహ్మదీలో డ్యూటీలో ఉంటాడు, ఇంట్లో ఆవిడకి అర్జంటుగా పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ కాపీ కావాలి. డబ్బా నంబరు, ఖాతా పేరు, పాస్‌వర్డు, రౌటరు పేజీ పాస్‌వర్డు, ఏది ముందు వెయ్యాలి ఏది తర్వాత వెయ్యాలి అనేది ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టులు దాచేచోటే పెట్టండి. ఆవిడచేత ఒకసారి తెరిపించి చూడండి కూడా.

రెండు డిస్కుల డబ్బా ఉంది కదా, ఇంక కాపీ ఎందుకనుకోకండి. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది గానీ, మీరు పొరపాటున చెరిపిన ఫైలు రెండింట్లోంచీ ఒకేసారి పోతుంది. విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు మీదికి అన్నీ ఎక్కించి, ఈసారి సెలవులకి వెళ్ళేటప్పుడు చేతిసంచిలో పెట్టుకుని ఊరి బీరువాలో ఉంచి రండి. పోయినసారి ఉంచింది ఉంటే అది తిరిగి తెచ్చుకోండి. ఉంచేముందు అక్కడి కంప్యూటరుకి తగిలించి, నాలుగైదు ఫోటోలూ ఒక వీడియో చివరిదాకా తెరిచి చూసుకోండి.